బతుకమ్మ సెలవుల్లో ఓరుగల్లు: ముందే డబ్బు కట్టిన భోజనాలు, తిండి దగ్గర మొండికేసే పిల్లలు

హోటల్ గది బుక్ చేసేటప్పుడు ధర పక్కన ఉండే పొట్టి అక్షరాలను చాలామంది పట్టించుకోరు. ఈపీ అంటే గది మాత్రమే. సీపీ అంటే గదితో పాటు పొద్దున టిఫిన్. ఎంఏపీ అంటే టిఫిన్‌కి తోడు మధ్యాహ్నమో రాత్రో ఒక పూట భోజనం. ఏపీ అంటే మూడు పూటలూ వాళ్లే పెడతారు. పిల్లలు లేనివాళ్లకు ఇది డబ్బు లెక్క. తిండి దగ్గర పేచీ పెట్టే పిల్లలున్న ఇంట్లో మాత్రం సెలవులు ఎలా గడుస్తాయన్నది సగం ఇక్కడే తేలిపోతుంది.

మా పెద్దమ్మాయికి తొమ్మిదేళ్లు. పప్పు, గుడ్డు, పెరుగు ఉంటే చాలు. కూరలో ముక్క కనిపిస్తే ఏరి పళ్లెం అంచున పెట్టేస్తుంది. చిన్నోడికి ఐదు నిండాయి, ఆరు ఇంకా నిండలేదు. వాడు తినేవన్నీ తెల్లగానే ఉంటాయి: ఇడ్లీ, ఉత్త అట్టు, పెరుగన్నం, పాలు. పళ్లెంలో ఒకదానికి ఇంకోటి తగిలితే రెండూ వదిలేస్తాడు. రెండేళ్ల నుంచి ఆరేళ్ల దాకా కొత్త తిండంటే జంకడం చాలామంది పిల్లల్లో ఉండేదే. ఒక పదార్థాన్ని పది, పదిహేనుసార్లు ముందు పెడితే గానీ నాలుక మీద వేసుకోని పిల్లలుంటారు. ఆ ఓపికంతా ఇంట్లో పడదాం. ఊరు వెళ్లినప్పుడు పిల్లలు ఆకలితో ఉండకూడదు, భోజనం బల్ల దగ్గర ఏడవకూడదు, మనం కూడా అన్నం వేడిగా ఉండగానే తినాలి. నాకు కావాల్సింది అంతే.

దసరా సెలవులకు హన్మకొండ, అక్కడి నుంచి రామప్ప గుడి, లక్నవరం చెరువు అనుకున్నాం. అత్తమ్మ కూడా వచ్చారు. హన్మకొండ హోటల్లో టిఫిన్, రాత్రి భోజనం కలిపి ఎంఏపీ తీసుకున్నాం. పగలంతా తిరిగి వచ్చాక రాత్రి ఎనిమిదింటికి నిద్రకు తూలే పిల్లల్ని వెంటేసుకుని హోటళ్లు వెతుక్కోవడం నాకు ఇష్టం లేదు. లక్నవరంలో మాత్రం గది ఒక్కటే.

పెత్రమాస, ఎంగిలిపూల బతుకమ్మ

పెత్రమాస అంటే పెద్దల అమావాస్య, తొమ్మిది రోజుల బతుకమ్మకు మొదటి రోజు. పొద్దున పెద్దలకు బియ్యం ఇచ్చి, పది దాటాక హైదరాబాద్‌లో బయల్దేరాం. హన్మకొండ దాదాపు 150 కిలోమీటర్లు. భువనగిరి గుట్ట కనిపించగానే పిల్లలు అద్దానికి ముఖాలు ఆనించారు. ఒకే రాయి మీద కోట అంటే వాళ్లకు నమ్మకం కుదరలేదు. మధ్యాహ్నం జనగామ దగ్గర చెట్టు కింద ఇంటి నుంచి తెచ్చిన పెరుగన్నం తిన్నాం. మొదటి రోజు మధ్యాహ్నానికి ఇంటి డబ్బానే మేలు. ప్రయాణం బడలికలో కొత్త తిండిని పిల్లలు అసలు ముట్టరు.

హోటల్లో దిగగానే చిన్న గొడవ. ఫోన్‌లో అడిగినప్పుడు ‘ఐదేళ్లలోపు ఉచితం, ఆరు నుంచి పన్నెండు దాకా సగం’ అన్నారు. ఐదు దాటి ఆరు నిండని పిల్లాడు ఏ లెక్కలోకి వస్తాడో అందులో లేదు. కౌంటర్లో ఉన్నాయన సగం కట్టాల్సిందే అన్నాడు. మేం బుక్ చేసినప్పుడు వాట్సాప్‌లో పిల్లల వయసులు నెలలతో సహా రాసి పంపాం. వాళ్లు ‘ఓకే’ అని జవాబిచ్చారు. మా ఆయన అది చూపించాక టిఫిన్‌కి ఏమీ తీసుకోకుండా, రాత్రి భోజనానికి మాత్రం సగం కట్టించుకున్నారు. పెద్దవాళ్లకు రాత్రి భోజనం తలకు 450, పిల్లలకు 225. వయసు ఇలా అంచు మీద ఉన్న పిల్లలుంటే డబ్బు కట్టే ముందే రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి. లగేజీ మోసుకుని నిలబడ్డాక బేరమాడే ఓపిక ఎవరికీ ఉండదు.

సాయంత్రం వెయ్యి స్తంభాల గుడికి వెళ్లాం. 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం ఇది, శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ గర్భగుళ్లు ఉన్నాయి. ఎంగిలిపూల నాడు ఆ ఆవరణ చూసి తీరాలి. తంగేడు, గునుగు, బంతి పేర్చిన తాంబాలాలతో ఆడవాళ్లు వస్తూనే ఉన్నారు. అత్తమ్మ వెళ్లి ఒక గుంపులో కలిసిపోయారు. ఆట అయ్యాక ఎవరో పెద్దావిడ మా పిల్లల చేతుల్లో నువ్వులు, బియ్యప్పిండి, బెల్లం కలిపిన ముద్దలు పెట్టింది. చిన్నోడు వాసన చూశాడు, అంచు కొరికాడు, మొత్తం తిన్నాడు. తెల్లగా లేనిది వాడు అడక్కుండా తినడం నాకు ఆశ్చర్యంగానే ఉంది. ఎవరూ తినమని అనలేదు, ఎవరూ వాడి నోటి వంక చూడలేదు.

రాత్రి బఫే. పండగ కాబట్టి హోటల్ నిండుగా ఉంది. పనీర్ కూర, మంచూరియా, కోడి కూర, వంకాయ, పప్పు, జీరా రైస్, నాన్, గులాబ్ జామూన్. కూరలన్నీ ఎర్రగా ఉన్నాయి. వడ్డించే తమ్ముడు, “రంగే అక్కా, కారం లేదు” అన్నాడు. నేను రుచి చూశాను, కోడి కూర విషయంలో అతని మాట నిజమే. ఇక్కడ పండే చపాటా మిరప పండు టమాటాలా గుండ్రంగా, లావుగా ఉంటుంది. రంగు బాగా దిగుతుంది, ఘాటు తక్కువ. 2025లో దానికి జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతపు పంటే అనే అధికారిక గుర్తింపు కూడా వచ్చింది. అయితే ఎర్రగా కనిపించేదాన్ని నోట్లో పెట్టుకోని పిల్లాడికి ఈ సంగతి చెప్పి లాభం లేదు. వాడు పెరుగన్నం, పాప పప్పన్నం, ఇద్దరూ తలా ఒక జామూన్. అంతే తిన్నారు.

పక్క బల్ల దగ్గర ఒక తండ్రి ఏడెనిమిదేళ్ల కొడుకుతో, “పైసలు కట్టినం బిడ్డా, గింతేనా తినేది? ఇంకో ముద్ద పెట్టుకో” అంటున్నాడు. పిల్లాడు నోట్లో ముద్ద పెట్టుకుని మింగడం లేదు, కళ్లలో నీళ్లు. ఆ తండ్రి చెడ్డవాడేం కాదు. తలకు ఇంతని ముందే కట్టిన తిండి మనతో అలా మాట్లాడిస్తుంది. ఇంట్లో సగం ముద్ద మిగిలితే గిన్నెలో తీసి పెడతాం. ఇక్కడ ప్రతి మెతుకుకీ ధర కనిపిస్తుంది. అమెరికా పోషకాహార నిపుణురాలు ఎలిన్ శాటర్ పిల్లల తిండి గురించి ఒక పద్ధతి చెబుతారు. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెద్దల పని. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది పిల్లల పని. ముందే డబ్బు కట్టిన బల్ల దగ్గర ఈ పద్ధతి నిలబెట్టుకోవడం మామూలు రోజుల కన్నా కష్టం, అందుకే అక్కడే దాని అవసరం ఎక్కువ. కట్టిన డబ్బు ఆ క్షణమే ఖర్చయిపోయింది. పిల్లాడి చేత ఇంకో ముద్ద మింగించినా అది తిరిగి రాదు.

అటుకుల బతుకమ్మ

టిఫిన్ ఏడున్నరకు మొదలు. మేం తలుపు తీసే వేళకే వెళ్లాం. ఇది పిల్లలున్నవాళ్లందరికీ గట్టిగా చెబుతాను. తొమ్మిదిన్నరకు వెళితే ఇడ్లీ పైపొర ఎండిపోయి ఉంటుంది, అట్ల దగ్గర వరస ఉంటుంది, పాలు చల్లారి మీగడ కట్టి ఉంటాయి. ఏడున్నరకు ఆవిరి వచ్చే ఇడ్లీ, ఖాళీగా ఉన్న పెనం, మాట్లాడటానికి తీరిక ఉన్న వంటమనిషి దొరుకుతారు.

అట్లు పోసే అన్న మా చిన్నోడి వైపు వంగి, “ఏం కావాలె బిడ్డా?” అన్నాడు. వీడు నా వెనక్కి నక్కాడు. “ఉత్త అట్టు అన్నా, నూనె తక్కువ, మెత్తగా. చట్నీ పళ్లెంలో వద్దు” అన్నాను. ఆయన అరచేతి వెడల్పున చిన్న చిన్న అట్లు వేసి ఇచ్చాడు. ఒక్కటీ ఎర్రగా కాలనివ్వలేదు. చిన్నోడు వాటిని తిన్నాక ఇడ్లీ మొదలుపెట్టాడు. వాడి ఇడ్లీ తినే తీరు వేరు. ముందు చుట్టూ ఉన్న పల్చటి అంచును వేలితో లాగి తింటాడు, తర్వాత పైపొర, చివరికి మధ్యలో మెత్తటి భాగం. అడుగున ప్లేటు తడి తగిలిన చోటు మాత్రం వదిలేస్తాడు. దానికి చాలాసేపు పడుతుంది. బఫేలో ఎవరూ తొందర పెట్టలేదు కాబట్టి మేమిద్దరం ఆ పొద్దు పెసరట్టు, ఉప్మా, పండ్లు తిని, రెండుసార్లు కాఫీ తీరిగ్గా తాగాం. ముందే కట్టిన డబ్బుకు పూర్తి విలువ దొరికేది ఈ పూటే. టిఫిన్లలో పిల్లలు తినేవి నాలుగైదు తప్పకుండా ఉంటాయి, రంగులు తక్కువ, కారమంతా చట్నీ గిన్నెలో విడిగా ఉంటుంది.

వరంగల్ కోటకు వెళ్లే ముందు హోటల్ వంటగది బాధ్యుడిని కలిశాను. రాత్రికి పిల్లలకు ఏం వీలవుతుందని అడిగాను. ఆయన చెప్పింది నాకు చాలా పనికొచ్చింది. పండగ మొదటి రోజు జనం వెళ్లిపోతే బఫే పెట్టరట. గదులు కొన్నే నిండినప్పుడు అంత వంట వృథా అవుతుంది కాబట్టి గదికి ఇన్ని కూరలు, ఇంత పప్పు, అన్నం, రొట్టెలు, ఒక తీపి అని లెక్కకట్టి బల్ల దగ్గరికే తెచ్చిస్తారు. ఇది విని బఫే పోయిందని బాధపడే కుటుంబాలు ఉంటాయి. పేచీ పిల్లలకు మాత్రం ఇదే మంచిది. బఫేలో కారం ముందే పడిపోయి ఉంటుంది, తీయడం ఎవరి వల్లా కాదు. విడిగా చేసేటప్పుడు పోపుకు ముందే ఒక గరిటె పక్కన తీయొచ్చు. “పొద్దుగాల చెప్పిండ్రు గదా అమ్మా, సప్పిడి పప్పు తీసిపెడ్త. పెరుగన్నంల పోపు వద్దు, కొత్తిమీర వద్దు, అంతేనా?” అని ఆయన చీటీ మీద రాసుకున్నాడు.

కోటలో పెద్దమ్మాయి కీర్తి తోరణం చూడగానే “ఇది మా పుస్తకం అట్ట మీద ఉంటుంది” అంది. తెలంగాణ రాష్ట్ర చిహ్నంలో ఉన్నది ఈ కాకతీయ తోరణమే. నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు, మధ్యలో కూలిన గుడి రాళ్లు. గణపతిదేవుడు మొదలుపెట్టిన రాతికోటను ఆయన కూతురు రుద్రమదేవి పూర్తి చేసింది. ఆడపిల్ల రాజ్యం చేసిందని చెబితే మా పాప అడిగిన ప్రశ్నలకు ఖుష్ మహల్ చేరేదాకా జవాబులు చెబుతూనే ఉన్నాను. మధ్యాహ్నం ఊళ్లో ఒక మెస్‌లో భోజనం. పెద్దవాళ్లకు తలా ఒక మీల్స్ చెప్పి, పిల్లలకు విడిగా అన్నం, పెరుగు తెప్పించుకున్నాం. ప్లాన్‌లో మధ్యాహ్నం లేకపోవడం ఇక్కడ కలిసొచ్చింది. ఎక్కడ ఆకలేస్తే అక్కడ ఆగాం.

సాయంత్రం భద్రకాళి చెరువు గట్టున కాసేపు కూర్చుని, గుడికి వెళ్లి, వచ్చే దారిలో ఒక వీధిలో బతుకమ్మ ఆడుతుంటే ఆగాం. ఈ రోజు నైవేద్యం అటుకులు, బెల్లం, సప్పిడి పప్పు. ఈ పండగ నైవేద్యాలు వరసగా గుర్తు చేసుకుంటే నాకొకటి అనిపించింది. నువ్వులు, అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, వెన్నముద్దలు. కారం ఎక్కడా లేదు. ఆరో రోజు అలిగిన బతుకమ్మకు నైవేద్యమే లేదు. తొమ్మిదో రోజు సద్దుల్లో కూడా పెరుగన్నం ఉంటుంది. చిన్నపిల్లలు తినేలాంటి తిండి మన పండగలోనే ఇంత ఉంది. ఇక్కడి హోటళ్లు పిల్లల మెనూ అంటే ఎందుకు ఫ్రెంచ్ ఫ్రైస్, నూడుల్స్ దగ్గరే ఆగిపోతాయో నాకు అర్థం కాదు. ముద్దపప్పు, నెయ్యి, అట్టు, అటుకులు పెడితే ఖర్చూ తక్కువే, పిల్లలూ తింటారు.

రాత్రి ఏడున్నరకే మాకు వడ్డించారు. పిల్లలవి నాలుగు చిన్న గిన్నెల్లో విడివిడిగా వచ్చాయి: అన్నం, పప్పు, నెయ్యి, పెరుగు. ఏదీ దేనికీ తగల్లేదు. చిన్నోడు గిన్నెలన్నీ తన ముందు వరసగా పేర్చుకుని, పెరుగన్నం తినేసి, పప్పులో వేలు ముంచి నాకాడు. అది చాలు నాకు. అటుకులు తిని వచ్చారు కాబట్టి అన్నం సగం మిగిలింది. మేం ఏమీ అనలేదు. మా పెద్దవాళ్ల కూరలు కారంగా, కమ్మగా ఉన్నాయి. అత్తమ్మ పచ్చిపులుసు అడిగితే అది కూడా చేసిచ్చారు.

ముద్దపప్పు బతుకమ్మ

రామప్ప ఎండ ఎక్కకముందే చూడాలని ఆరున్నరకే బయల్దేరాం. అప్పటికి టిఫిన్ తెరవరు. ముందురోజు రాత్రి పదిలోపు కౌంటర్లో చెబితే ప్లాన్‌లోని టిఫిన్ డబ్బాల్లో కట్టిస్తారు. చాలా హోటళ్లు ఈ పని చేస్తాయి, అడగకపోతే మాత్రం చెప్పవు. ఇడ్లీలు, ఉడికించిన గుడ్లు, అరటిపండ్లు, బ్రెడ్డు, జామ్ ఇచ్చారు. చట్నీ విడిగా మూట కట్టమన్నాం. బఫే నుంచి తిండి బయటికి తీసుకుపోనివ్వరు కాబట్టి పొద్దున్నే కదిలేవాళ్లకు ఇదొక్కటే దారి.

ములుగు దాటి, జంగాలపల్లి దగ్గర తిరిగి పాలంపేట చేరేసరికి ఇంకా చల్లగానే ఉంది. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి. 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. పునాది కింద ఇసుక నింపారనీ, శిఖరం ఇటుకలు నీళ్లలో తేలేంత తేలికనీ గైడు చెబుతుంటే పెద్దమ్మాయి నోరు తెరుచుకుని విన్నది. చిన్నోడికి నచ్చింది వేరు. గుడి బయట చూరు కింద వంగి నిలబడిన నల్లరాతి మదనికల్లో ఒకామె కాళ్లకు ఎత్తు మడమల చెప్పులున్నాయి. ఎనిమిది వందల ఏళ్ల కిందటి బొమ్మ. వాడు దాని కింద నిలబడి తన చెప్పులు చూసుకుని, మళ్లీ పైకి చూసి, “ఆంటీ పడిపోదా?” అన్నాడు. ఆవరణ బయటికొచ్చి చెట్టు నీడన డబ్బాలు విప్పాం. ఇడ్లీ చల్లారినా ఇద్దరూ తిన్నారు.

లక్నవరం గోవిందరావుపేట మీదుగా వెళ్లాలి. ఇదీ కాకతీయుల చెరువే. చుట్టూ అడవి, మధ్యలో దీవులు, వాటి మీదికి వేలాడే వంతెన. వానలు బాగా పడిన ఏడాది దసరాకు చెరువు నిండుగా ఉంటుంది. ఇక్కడ మాకు గది మాత్రమే. దారిలోనే ఫోన్ చేసి మధ్యాహ్నానికి ఏం కావాలో చెప్పాం. జనం లేని రోజున ముందు చెప్పకపోతే గంటసేపు కూర్చోవాల్సి వస్తుంది, ఆకలితో ఉన్న పిల్లలకు గంట చాలా ఎక్కువ. పెద్దవాళ్లకు చేపల కూర, పిల్లలకు అన్నం, ముద్దపప్పు, నెయ్యి, పాపకు ఆమ్లెట్. “ముద్దపప్పు బతుకమ్మ నాడు ముద్దపప్పు అడుగుతున్నరు, మంచిగైంది” అని ఫోన్‌లో వంటావిడ నవ్వింది. పెద్దమ్మాయి రెండోసారి పెట్టించుకుంది. ఇద్దరు పిల్లలకూ కలిపి ఆ పూట అయిన ఖర్చు హన్మకొండలో ఒక్కరికి కట్టిన సగం ధరకు దగ్గరగానే ఉంది.

అలాగని ఎక్కడైనా గది ఒక్కటే తీసుకోమని చెప్పను. రాత్రి ఏం కావాలో ఆరింటిలోపే చెప్పేయాలి. ఊళ్లోలా పది గంటలకు బయటికెళ్లి కొనుక్కుందామంటే దుకాణం ఉండదు, చుట్టూ నీళ్లు, అడవి. చిన్నోడు సాయంత్రమంతా వంతెన మీద పరుగులు తీసి, ఏడింటికి అన్నం వద్దని నిద్రపోయాడు. పదింటికి ఆకలని లేచాడు. మా దగ్గర చిన్న కరెంటు కెటిల్, పాలపొడి, అటుకుల పొట్లం ఉన్నాయి. వేడి పాలలో అటుకులు, కాస్త చక్కెర. గిన్నె ఖాళీ చేసి పడుకున్నాడు. ఏ ప్లాన్ తీసుకున్నా ఈ మూడూ సంచిలో ఉండాలి. వంటగది వేళలకు పిల్లల కడుపులు నడవవు.

నానబియ్యం బతుకమ్మ

పొద్దున పడవలో తిరిగాం. టిఫిన్‌కి ఉప్మా, పూరీ మాత్రమే ఉన్నాయి. పాప పూరీ తిన్నది, చిన్నోడు అరటిపండు, పాలతో సరిపెట్టాడు. ములుగులో బండి మీద ఇడ్లీ కనిపించగానే కారు ఆపించాడు. ఎండ ముదిరేలోపు వరంగల్ దాటి, సాయంత్రానికి ఇల్లు చేరాం. అత్తమ్మ దారిలో కోసుకొచ్చిన తంగేడు పువ్వుతో అపార్ట్‌మెంట్ కింద బతుకమ్మ పేర్చారు. నానబెట్టిన బియ్యం, పాలు, బెల్లం కలిపి పంచారు.

సంక్రాంతి సెలవులకు నిర్మల్, కుంటాల, బాసర వైపు వెళ్తున్నాం. ఈసారి సీపీ తీసుకుంటున్నాం. రాత్రి భోజనం ఏ పూటకాపూట అక్కడే చెప్పుకుంటాం. డబ్బు కట్టే ముందు హోటల్‌కి పంపిన మెసేజ్‌లో నాలుగు ప్రశ్నలు రాశాను. పిల్లలిద్దరి వయసు ఏళ్లు, నెలలతో సహా ఇదీ, ఒక్కొక్కరికి ఎంత? టిఫిన్ ఎన్నింటికి తెరుస్తారు, అట్లు అప్పటికప్పుడు పోస్తారా? పొద్దున్నే బయల్దేరితే టిఫిన్ డబ్బాల్లో కట్టిస్తారా? రాత్రి తొమ్మిది తర్వాత పెరుగన్నం దొరుకుతుందా? మూడింటికి జవాబు వచ్చింది. పెరుగన్నం సంగతి వంటాయనను అడిగి చెబుతామన్నారు. అది తేలాక అడ్వాన్స్ కడతాం.